సున్నపు తేట

"ముందు చెప్పులు తొడుక్కో మోయిజ్. బండ చల్లగుంది" అంది కమలాబాయి.

మోయిజ్ తొడుక్కోలేదు. లాకప్ గోడకు ఆనుకుని కూర్చున్నవాడు కాళ్ళు మెల్లగా లుంగీ కిందికి లాక్కున్నాడు. కమలాబాయి వంగి లుంగీ అంచు పైకెత్తి చూసింది. రెండు అరికాళ్ళూ ఉబ్బి వంకాయ రంగుకు తిరిగి ఉన్నాయి.

ఆమె ఊచల దగ్గరికి వచ్చింది. అవతల బల్ల ముందు ఎస్సై సుధాకర్ టీ తాగుతున్నాడు.

"ఎవరు కొట్టిన్రు సార్?"

"ఎవరు కొట్టలే మేడం. బాత్రూంల జారి పడ్డడు."

"అరికాళ్ళ మీద పడ్డడా?"

సుధాకర్ గ్లాసు కింద పెట్టి ఫైలు తెరిచాడు. అందులో చదవడానికి ఏమీ లేదని ఇద్దరికీ తెలుసు.

కమలాబాయికి కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. పోలీసు శాఖ క్లూస్ టీములో ఆమెతో పనిచేసినవాళ్ళకు ఆ సంగతి బాగా తెలుసు. రిపోర్టులో రెండు వాక్యాలు మార్చమన్న పై అధికారి బల్ల మీద ఆ రిపోర్టునీ, దానితోపాటు రాజీనామానీ పెట్టి వచ్చేసిన రోజు కూడా ఆమె గొంతు పెంచలేదు. ఇప్పుడు అల్వాల్‌లో ఒక మందుల షాపు పైగదిలో ప్రైవేటు డిటెక్టివ్‌గా బతుకుతోంది. మోయిజ్ భార్య నజ్‌నీన్ పసిపిల్లను చంకనేసుకుని మేడ్చల్ నుంచి ఆ గదికి వచ్చి, "మా ఆయన చీమను గూడ చంపడు మేడం, అల్లా కసం" అని ఏడ్చింది నిన్ననే.

కేసు చూడటానికి చాలా సులువుగా ఉంది. గోపాలరావు అనే రిటైరైన కెమికల్ ఇంజనీరు శనివారం శామీర్‌పేటలోని తన ఇంట్లో ఊపిరాడక చనిపోయాడు. హాల్లో ఆయన ప్రాణంగా పెంచుకునే ఉప్పునీళ్ళ అక్వేరియం ఉంది. దాని వెనక, మెట్ల కింద, పంపులుండే చిన్న గది. శవం ఆ గదిలో దొరికింది. పక్కనే కార్బన్ డయాక్సైడ్ సిలిండరు, వాల్వు బార్లా తెరిచి, ఖాళీగా ఉంది. ఆ పొద్దున అక్వేరియం పనికి వచ్చిన మోయిజ్ మీద గోపాలరావు కేకలేయడం పక్కింటివాళ్ళు విన్నారు. తిట్టాడన్న కక్షతో మోయిజ్ పోతూపోతూ వాల్వు తిప్పేశాడనీ, మూసిన గది నిండా గ్యాసు పేరుకుందనీ, సాయంత్రం అందులోకి వెళ్ళిన గోపాలరావు మళ్ళీ బయటికి రాలేదనీ పోలీసులు రాసుకున్నారు. ఈ మధ్యాహ్నం మోయిజ్‌ను కోర్టులో పెట్టి రిమాండుకు పంపబోతున్నారు.

ఆమె తిరిగి వచ్చి మోయిజ్ ఎదురుగా నేల మీదే కూర్చుంది.

"లొల్లి ఎందుకైంది? ఉన్నదున్నట్టు చెప్పు."

"కొత్త పగడాల మీద మేడం. ట్యాంకుల ఒక మూలకు పెద్ద పెద్దవి ఉండె, గట్టి పగడాలు. సార్ చూసి మస్తు పరేషాన్ అయిండు. ఇవి సముద్రంలకెల్లి దొంగతనంగ కొట్టుకొచ్చినయి, నా ట్యాంకుల ఎవడు దాచిండు అని మీదికొచ్చిండు. నేను కాదు సార్, సుజిత్ భాయ్ పెట్టిండు అన్న. గంతే. ఇగ ఏం మాట్లాడలే."

"తర్వాత?"

"నువ్వు ఇంటికి పో అన్నడు. కారు తాళాలు పట్టుకున్నడు. నేనెల్లిపోయిన."

"గీ మాట పోలీసోళ్ళకు చెప్పినవా?"

మోయిజ్ తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. "చెప్పినప్పుడల్లా కొట్టిన్రు."

కమలాబాయి లుంగీ అంచు మళ్ళీ అతని కాళ్ళ మీదికి కప్పింది. తర్వాత అడిగింది. "దినాం ట్యాంకుల పోసే మందు సీసాలు రెండున్నయని పోలీసోళ్ళు రాసిన్రు గద. అవి నువ్వు పోస్తవా?"

"ముట్టనియ్యడు మేడం. నీళ్ళు మారుస్త, అద్దం తుడుస్త, గంతవరకే. ఆ రెండు సార్ చేతులతోనే. ఒకటి పోసి, కూసొని పేపర్ మొత్తం సదివి, అప్పుడు రెండోది పోస్తడు. గా నడుమ ఎవ్వరు పిలిచినా తిడ్తడు."

బయట గేటు దగ్గర నజ్‌నీన్ ఎదురొచ్చింది. "చూసిండ్రా మేడం? బాగున్నడా?"

"చూసిన" అంది కమలాబాయి. గేటు దాటి నడిచింది.

*

మోయిజ్ తరఫు వకీలు పెట్టుకున్న అర్జీ మీద పంపు గది చూడ్డానికి అనుమతి దొరికింది. సుధాకర్ జీపులోనే వెళ్ళారు. దారి పొడుగునా అతను ఏదో ఒకటి మాట్లాడాలని చూశాడు.

తలుపు తీసింది సుజిత్. గోపాలరావు భార్య అమ్మడుగారికి స్వయానా అన్న కొడుకు. ముప్పై ఏళ్ళుంటాయి. భీమవరం నుంచి వచ్చి అత్తగారింట్లోనే ఉంటూ అక్వేరియం చేపల వ్యాపారం చేస్తున్నాడు. చేతిలో కారు తాళాలు గిరగిరా తిప్పుతున్నాడు.

హాలు గోడంతా ఆక్రమించి ఉంది అక్వేరియం. నీలం దీపాల కింద కొమ్మలు కొమ్మలుగా పగడాలు. చాలావాటికి కొసలు పాలిపోయి, కింది భాగాల్లో తోలు ఊడినట్టు తెల్లటి ఎముక బయటపడుతోంది. ఒక మూల మాత్రం బోసిగా ఉంది. అక్కడి ఇసుకను ఎవరో చేత్తో చదును చేసినట్టు వేళ్ళ గీతలు కనిపిస్తున్నాయి.

"గీ మూలకు ఏముండె?" అంది కమలాబాయి.

"ఏం లేవండి. ఎప్పుడూ ఖాళీయే."

"మోయిజ్ కొత్త పగడాలు ఉండె అంటుండు."

సుజిత్ నవ్వాడు. "లాకప్‌లో ఉన్నవాడు ఏదో ఒకటి చెప్తాడు కదండీ. ఉంటే చూపించమనండి."

గట్టి పగడాలను మన సముద్రాల నుంచి కొట్టుకురావడం చట్టం దృష్టిలో పులిని వేటాడినంత నేరం. గోపాలరావు పెంచినవి బయటి దేశం నుంచి కాగితాలతో తెప్పించుకున్న వేలెడు ముక్కల నుంచి ఎదిగినవి. దొంగసరుకును తన ట్యాంకులో చూస్తే ఆయన ఎవర్నీ వదిలిపెట్టే మనిషి కాదని ఇంటికొచ్చినవాళ్ళంతా చెప్పారు. కమలాబాయి ఇసుక మీది గీతల నుంచి చూపు సుజిత్ వైపు తిప్పింది.

"మీ మామయ్యను ఆఖరుకు ఎప్పుడు చూసిండ్రు?"

"శనివారం సాయంత్రమండి. టీల వేళ. ట్యాంకులో మందులు పోస్తున్నారు, కాల్షియం, ఆల్కలినిటీ. నేను పక్కనే నిలబడి మాట్లాడాను కూడా. పోసేసి పంపు గదిలోకి వెళ్ళారు. నేను అల్వాల్‌లో రిసెప్షన్‌కి వెళ్ళిపోయాను. అత్తయ్య పొద్దుటి నుంచీ అక్కడే ఉంది. చీకటి పడ్డాక తిరిగొస్తే గది తలుపు వేసుంది. తీసి చూస్తే..." గొంతు సవరించుకున్నాడు. "ఇవన్నీ పోలీసులకు చెప్పానండి."

"నాకూ చెప్పుండ్రి. రెండు సీసాలూ పోసిండ్రా?"

"రెండూ. నా కళ్ళ ముందే."

"ఎక్కడ?"

"లోపల, పంపు గదిలో గాజుతొట్టి ఉంది కదా, అందులో."

"నడుమ ఏమన్న ఆగిండ్రా? టీ తాగుడో, పేపర్ సదువుడో."

"లేదండి. దీని వెనక అది, గబగబా పోసేశారు. రెండు నిమిషాల పని. ఎందుకు?"

"ఊరికెనే" అంది కమలాబాయి.

సుజిత్ తాళాలు గుప్పిట్లో బిగించాడు. డెత్ సర్టిఫికెట్ పని మీద వెళ్ళాలని, అరగంటలో వస్తానని చెప్పి లోపలికి నడిచాడు. సుధాకర్ అప్పటికే పంపు గది తలుపు మీది సీలు విప్పుతున్నాడు.

ఒక మంచం పట్టేంత గది అది. కిటికీ లేదు. ఒక గోడకు గాజుతొట్టి, హాల్లోని నీళ్ళు ఇందులోకి దిగి పంపు ద్వారా మళ్ళీ పైకి పోతాయి. ఇంకో గోడకు మనిషి నడుమెత్తు సిలిండరు. అందులోని గ్యాసు ఒక గొట్టంలోకి కొద్దికొద్దిగా వెళ్ళి, గొట్టంలోని పాత పగడపు రాళ్ళను కరిగించి నీళ్ళలో కలుపుతుంది.

కమలాబాయి తొట్టి ముందు మోకాళ్ళ మీద కూర్చుని టార్చి వేసింది. అడుగున తెల్లటి పొర. పంపు మూతి మీద, హీటరు గొట్టం మీద పిండి అంటించినట్టు గరుకుగా అదే పదార్థం. చిన్న చాకుతో కొంచెం గీకి, గాజుపలక మీద పెట్టి, ఒక చుక్క ఆమ్లం వేసింది. బుసబుసమని పొంగింది.

"ఏంది మేడం అది?" అన్నాడు సుధాకర్.

"సున్నపురాయి."

గూట్లో గోపాలరావు వాడే పరీక్ష పెట్టె ఉంది. తొట్టి నీళ్ళు గాజు గొట్టంలోకి తీసుకుని, నీలం రంగు వచ్చే మందు వేసి, రెండో మందు చుక్కలు వేస్తూ కదిపింది. నీలం విరిగి పసుపు కావడానికి పట్టే చుక్కలను బట్టి నీళ్ళలో క్షారం ఎంతుందో తెలుస్తుంది. ఉండాల్సిన దాంట్లో సగానికి ముందే రంగు తిరిగిపోయింది.

గట్టి పగడం రాయిలా కనిపించినా ప్రాణి. నీళ్ళలోని కాల్షియాన్నీ, ఆల్కలినిటీ అనే ఆ క్షారాన్నీ రోజూ తీసుకుని తన కింద ఎముక కట్టుకుంటూ పోతుంది. తీసుకున్నంతా మళ్ళీ నీళ్ళకు ఇవ్వాలి, అదీ సమతూకంగా. అందుకే గోపాలరావుకు రెండు సీసాలు. శనివారం నుంచి మందు పడకపోతే క్షారం తగ్గుతుంది గాని ఇంతగా కూలిపోదు. మందు పడింది. పడ్డది పగడాలకు అందకుండా తెల్లగా విరిగి అడుగుకు దిగింది.

ఆమె లేవబోతూ ఆగింది. సిలిండరు పక్కన, నేల మీద, ఒక ప్లాస్టిక్ టబ్బు ఉంది. రోజూ ఆవిరైపోయే నీళ్ళకు బదులుగా ట్యాంకులోకి సన్నగా జారే సున్నపు నీళ్ళు అందులో ఉంటాయి. ట్యూబు దిగడానికి వీలుగా మూతను సగానికి కోసేశారు. పైన ఉల్లిపొర లాంటి పలచటి తెర. వేలితో తెరను పక్కకు జరిపింది. కింద నీళ్ళు అద్దంలా తేటగా ఉన్నాయి. అడుగున సున్నపు మడ్డి, మడ్డి మీద టబ్బు కంపెనీ పేరు కూడా చదవగలిగేంత తేట.

కమలాబాయి ఆ టబ్బును అన్ని వైపుల నుంచీ టార్చి వేసి చాలాసేపు చూసింది. తర్వాత సిలిండరు చూసింది. దాన్ని గోడకు కట్టే గొలుసు కొక్కేనికి అందకుండా వేలాడుతోంది. గొలుసు చుట్టూ తిప్పి చూసింది. బెత్తెడు తక్కువైంది.

"సుధాకర్ సార్, శనివారం మీరు వచ్చినప్పుడు తీసిన ఫోటోలు ఉన్నయా?"

"ఫోన్లో ఉన్నయి మేడం."

"తియ్యండ్రి."

*

"ఏంటమ్మా కమలా, చేపలకు వైద్యం మొదలెట్టావా?"

ఆ గొంతు ఎవరిదో ఆమెకు తిరిగి చూడకుండానే తెలుసు. గుమ్మంలో వెంకటరామయ్య నిలబడి ఉన్నాడు. తెల్లచొక్కా, మడత నలగని ప్యాంటు. డీఎస్పీగా రిటైరై సికింద్రాబాద్‌లో డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టుకున్నాడు. రిపోర్టులో రెండు వాక్యాలు మార్చమన్నది ఆయనే. ఈ కేసులో ఆయన్ను పెట్టుకున్నది సుజిత్. ఇప్పటికీ ఆయన మాట స్టేషన్లో చెల్లుతుంది. మోయిజ్‌ను ఇంటి నుంచి ఎత్తుకొచ్చిన రోజు జీపు ముందు సీట్లో కూర్చున్నది కూడా ఆయనే.

"నమస్తే సార్" అంది. "మోయిజ్ కాళ్ళు చూసిండ్రా?"

"నేను స్టేషన్ వ్యవహారాల్లో తలదూర్చనమ్మా. రిటైరైనవాణ్ణి."

"ఎత్తుకొచ్చేటప్పుడు రిటైర్ గాలేదా?"

వెంకటరామయ్య మొహం నల్లబడింది. "చూడు. నీ కడుపుమంట నాకు తెలుసు. కాని కేసు తేటతెల్లంగా ఉంది. గ్యాసు సిలిండరు, మూసిన గది, కక్ష ఉన్న పనివాడు. ఇంకా ఏం వెతుకుతున్నావు?"

"గా తేటనే సార్."

ఆమె గూట్లోంచి ఒక గాజుగ్లాసు తీసి, టబ్బులో ముంచి, సున్నపు నీళ్ళు పట్టింది. కిటికీ లేని ఆ గదిలోంచి హాల్లోకి, వెలుగులోకి వచ్చింది. వెంకటరామయ్య, సుధాకర్ వెనకే వచ్చారు. వంటింటి గుమ్మంలో అమ్మడుగారు గోడ పట్టుకుని నిలబడి ఉంది.

"మీరు బళ్ళె సదివే ఉంటరు" అంది కమలాబాయి. సన్నటి గాలి గొట్టం ఒకటి గ్లాసులో పెట్టి, రెండో కొస నోట్లో పెట్టుకుని మెల్లగా ఊదింది. బుడగలు లేచాయి. గ్లాసులో నీళ్ళు ముందు మసకబారి, చూస్తుండగానే మజ్జిగలా తెల్లబడ్డాయి.

గ్లాసు తీసుకెళ్ళి వెంకటరామయ్య ముక్కు ముందు పట్టింది.

"నా ఊపిరిల ఎంత గ్యాసు ఉంటదో మీకు తెల్సు. కొంచెం. గా కొంచానికే ఇట్లైంది. మరి ఆరడుగుల మనిషిని చంపేంత గ్యాసు గదంతా నిండి, పొద్దటి నుంచి పొద్దుగూకేదాంక ఉంటే, గా టబ్బుల నీళ్ళు ఎట్ల ఉండాలె? పైన పలక లెక్క గడ్డ కట్టాలె. తెల్లగా ఇరిగిపోవాలె. గా గ్యాసు గాలి కంటె బరువు. కిందికే దిగుతది. టబ్బు నేల మీదుంది. శవం తల దాని పక్కకే ఉంది."

వెంకటరామయ్య గ్లాసు వైపు చూసి కళ్ళు తిప్పుకున్నాడు. "తర్వాత ఎవరో నీళ్ళు మార్చి ఉంటారు."

"సీలు ఎవరు ఏసిన్రు సార్?" ఆమె సుధాకర్ వైపు తిరిగింది.

"నేనే మేడం. శవాన్ని తీసిన ఎంటనే." అతను ఫోను చాచాడు. "ఇది ఆ దినం ఫోటో. టబ్బు గిట్లనే ఉంది. అడుగు కనిపిస్తాంది."

"ఇంకోటి చూడుండ్రి" అంది కమలాబాయి. "సుజిత్ మాట మీద నిలబడ్డది మీ కేసు. సాయంత్రం మామయ్య రెండు మందులు ఆగకుండ పోసిండు, నేను పక్కనే ఉన్న అన్నడు. గా రెండు ఒక్కసారి, ఒక్క తావుల కలిస్తే విరిగి సున్నపురాయి అయితది. తొట్టి నిండ అదే ఉంది. గోపాలరావు కెమిస్ట్రీ మీద బతికిన మనిషి. నడుమ పేపర్ మొత్తం సదివేటోడు. ఆయన జన్మల ఆ పని చెయ్యడు. పోసింది ఆయన గాదు. సీసాల మీద ఆయన దినానికొకటి గీసుకున్న గీతలకు మందు దిగకపోతే సాయంత్రందాంక ఆయన బతికున్నట్టు ఎవరు నమ్మరని, తెల్వనోడు ఒకడు రెండు సీసాలు గుమ్మరించిండు."

"అంటే..."

"అంటే ఆయన గీ గదిల సావలే. సచ్చినంక తెచ్చి పండవెట్టిన్రు. పక్కన ఖాళీ సిలిండర్ ఒకటి పెట్టిన్రు. అది గూడ గీ ఇంటిది గాదు. గీ ఇంటి సిలిండర్‌కు సరిపోయే గోడ గొలుసు దాని నడుముకు అందుతలేదు. నిజంగ గ్యాసు వదిల్తె శవాన్ని తెచ్చినోడు తానే పోతనని భయపడ్డడు."

అమ్మడుగారు గోడకు ఆనుకుని మెల్లగా కిందికి జారి కూర్చుంది. ఎవరూ ఆమె దగ్గరికి వెళ్ళలేదు. వెంకటరామయ్య నుదురు తుడుచుకున్నాడు. ఆయనకు కోపం వచ్చింది. తప్పు దొరికినప్పుడు వచ్చే కోపం అది.

"కథ బాగా అల్లావు. మరి ఎక్కడ చచ్చాడో అది కూడా నువ్వే చెప్పు. ఊపిరాడకే పోయాడని డాక్టరు రాశాడు. ఆయన కారు ఇంటి ముందే ఉంది. ఆకాశంలోంచి పడ్డాడా?"

"కారు తోలుకొచ్చినోడు శవాన్ని గూడ తేగలడు. గా దొంగ పగడాల సంగతి తేల్చుకునేటందుకు ఎక్కడికి పోయిండో తెల్వాలంటే ఫోన్ టవర్..."

"సార్" అన్నాడు సుధాకర్.

ఇద్దరూ అతని వైపు చూశారు. సుధాకర్ తల వంచుకునే మాట్లాడాడు. "సార్, టవర్ లిస్టు వచ్చింది గద. మొన్ననే. మీకే ఇచ్చిన."

కమలాబాయి ఒక అడుగు ముందుకేసింది. "ఏముంది దాంట్ల?"

వెంకటరామయ్య సుధాకర్‌ను కోపంగా చూశాడు. "శనివారం మధ్యాహ్నం ఆయన ఫోను బహదూర్‌పల్లిలో ఉంది. అక్కణ్ణించి కూతురు శ్రీదివ్యకు కాల్ చేశాడు. ఆ పిల్ల దుండిగల్ కాలేజీలో పాఠం చెబుతోంది, ఎత్తలేదు. అంతే. ఆయన ఉప్పు కొనుక్కోడానికో దేనికో వెళ్ళుంటాడనుకున్నాను."

"ఆఖరి కాల్ అదేనా?"

"ఊఁ."

"కేసు డైరీల రాసిండ్రా?"

సుధాకర్ తల అడ్డంగా ఊపాడు. "అక్కర్లేదన్నరు."

ఆమె గొంతు బాగా తగ్గిపోయింది. పక్కనున్నవాళ్ళు వినడానికి వంగాల్సి వచ్చింది. "ఒక మనిషి మధ్యాహ్నం బహదూర్‌పల్లిల ఉన్నడని మీ చేతుల కాగితం ఉంది. మోయిజ్ గా పొద్దంత మేడ్చల్ల పెండ్లాం పిల్లలతోని ఉన్నడు. గా కాగితం జేబుల పెట్టుకొని, ఒకని అరికాళ్ళు వాయగొట్టిచ్చిండ్రు. అప్పుడు రెండు వాక్యాలే అన్నరు సార్ నాతోని. రెండు వాక్యాలతోని ఎవని ప్రాణం పోతది అన్నరు."

"కమలా, మాటలు జాగ్రత్త."

"గా టవర్ సంగతి ఇంకెవరికి చెప్పిండ్రు?"

ఆయన వాకిలి వైపు చూశాడు.

"సార్, ఎవరికి చెప్పిండ్రు?"

"సుజిత్‌కి. క్లయింటు కదా. ఈ పొద్దున్నే. మీ మావయ్య బహదూర్‌పల్లి ఎందుకెళ్ళాడో, దివ్యకేమైనా చెప్పాడేమో కనుక్కోమన్నాను."

కమలాబాయి గ్లాసు బల్ల మీద పెట్టేసి అమ్మడుగారి దగ్గరికి ఒక్క అంగలో వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుంది. "అమ్మా, దివ్య ఏది?"

అమ్మడుగారు ఆమె మొహంలోకి చూసింది. ఏడుపు మొదలు కాలేదింకా. "సుజిత్ తీసుకెళ్ళాడమ్మా. ఇందాక మీరంతా ఆ గదిలో ఉన్నప్పుడు. వాళ్ళ నాన్న వస్తువులేవో వాడి గోడౌన్లో ఉండిపోయాయట, చూసి తెచ్చుకుందాం రమ్మన్నాడు."

"గోడౌన్ ఎక్కడ?"

"బహదూర్‌పల్లిలో. చేపలు ప్యాక్ చేసేది."

సుధాకర్ అప్పటికే వాకిట్లోకి పరిగెత్తుతూ వైర్‌లెస్‌లో మాట్లాడుతున్నాడు. వెంకటరామయ్య జేబులో కారు తాళాల కోసం తడుముకుంటున్నాడు. ఆమెకు జాలి కలగలేదు.

"గోడౌన్ జాగ మీకెరుకనా?"

"ఎరుకే. ఒకసారి తీసుకెళ్ళాడు."

"నడువుండ్రి. తోలుండ్రి."

కారు రోడ్డెక్కేలోగా అమ్మడుగారు చెప్పిన నంబరుకు ఫోను కొట్టింది. మోగింది. చాలాసేపు మోగింది. స్పీకరు నొక్కి డాష్‌బోర్డు మీద పెట్టింది.

"హలో" అంది శ్రీదివ్య.

"దివ్యా, నేను కమలాబాయిని. మీ నాన్న కేసు చూస్తున్న. నువ్వు ఎక్కడున్నవ్?"

"గోడౌన్లోనండి. లోపల ప్యాకింగ్ గదిలో."

"సుజిత్ ఏడి?"

"ఇప్పుడే వస్తానని బయటికెళ్ళాడండి. ఏసీ చల్లదనం పోతుందని తలుపు వేశాడు. ఎందుకండీ?"

"తలుపు తీసుకొని బయటికి రా. జల్దీ."

అడుగుల చప్పుడు. గడియ కదిలిన చప్పుడు. మళ్ళీ, గట్టిగా. "రావట్లేదండి. బయట గడియ పెట్టినట్టున్నాడు." ఊపిరి ఎగబీలుస్తోంది. "ఇక్కడేదో చప్పుడవుతోంది. బుస్సుమని. ఇందాకటి నుంచీ. ఏసీ అనుకున్నాను. తల పగిలిపోతోందండి, కూర్చుంటాను."

"కూసోవద్దు." కమలాబాయి ఫోను నోటి దగ్గరికి తీసుకుంది. "దివ్యా, విను. కిందికి ఒంగొద్దు. కూసోవద్దు. చప్పుడు చేసే సిలిండర్లు కనిపిస్తున్నయా?"

"ఉన్నాయి. మూడు. ఇనప చట్రంలో వెనక్కి ఉన్నాయి, తాళం వేసుంది. చెయ్యి అందట్లేదు."

"వాటిని విడిసిపెట్టు. గది గోడకు అరలు, నిచ్చెన, ఏమన్న ఉన్నయా? ఎంత ఎత్తుంటే అంత ఎత్తుకు ఎక్కు. గా గ్యాసు కింద నిండుతది. నువ్వు పైనుండాలె. మేము వస్తున్నం."

వెంకటరామయ్య లారీ పక్కనుంచి కారును మట్టిలోకి దించి దాటించాడు. వెనక జీపు సైరను వినిపిస్తోంది. ఫోన్లో ఏదో లాగిన చప్పుడు, డబ్బాలు కింద పడిన చప్పుడు, దగ్గు.

"ఎక్కినవా?"

"ఎక్కుతున్నా. ర్యాక్ ఉంది. పై అర దాకా వచ్చాను." దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. తర్వాత ఒక్కసారిగా ఆగింది. ఆ నిశ్శబ్దంలో బుస్సుమనే చప్పుడొక్కటే వినపడింది.

"దివ్యా. మాట్లాడు."

"ఆంటీ." ఆ అమ్మాయి గొంతు చాలా చిన్నదైపోయింది. "ఇక్కడ పై అరలో నాన్న కళ్ళజోడు ఉంది."

వెంకటరామయ్య పాదం ఒక్క క్షణం పట్టు తప్పింది. కారు కుదుపుకు ఊగింది.

గోపాలరావుకు కూడా తెలుసు ఆ గ్యాసు కిందికి దిగుతుందని. అంత వయసులో ఆ ర్యాక్ పట్టుకుని పై అర దాకా ఎక్కాడు. అక్కణ్ణించే కూతురికి ఫోను చేసి ఉంటాడు. పై అర ఆయనకు చాలలేదు.

"ముట్టకు దాన్ని" అంది కమలాబాయి. తన గొంతు తనకే అరుపులా వినిపించింది. "అక్కడ ఆగకు దివ్యా. పైన రేకు ఉంటది, ఏసీ పైపు పోయే కంత ఉంటది. చేతికి ఏది దొరికితే దాంతోని కొట్టు. మూతి ఆ కంతకు పెట్టు. కొట్టు బిడ్డా, కొట్టు."

ఫోన్లో రేకు మీద దెబ్బ పడింది. ఇంకోటి. మూడో దెబ్బ కోసం కమలాబాయి ఊపిరి బిగపట్టి ఎదురుచూసింది.